ఒక్కరే చూసిన పిట్ట

మే తొమ్మిది. గాలి ఆగ్నేయం.
"టిర్రిక్‌లు, పదకొండు" అని రాసి
ఓస్లా పెన్సిల్ మొన నాలుకకి అద్దుకుంటుంది.
దక్షిణ ధ్రువపు మంచు అంచుదాకా వెళ్ళొచ్చిన పక్షులకి
అంతకంటే స్వాగతం చెప్పడం ఆమెకి రాదు.

షెట్లాండ్‌కి తూర్పున చెదిరిపడ్డ రాళ్ళు ఈ దీవులు.
మనుషులున్నవి రెండు, మధ్యన ఒక వంతెన.
మిగిలినవన్నీ గొర్రెలవీ, పక్షులవీ.
చెట్టు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.
దారి తప్పిన పిట్ట వాలాలంటే
కంచె తీగ, రూబార్బ్ ఆకు, పాత పడవ పక్కటెముక,
కాదంటే ఓస్లా ఆరేసిన దుప్పటి.

చిట్టా అంటే పెద్ద పుస్తకమేం కాదు.
దాణా రసీదుల వెనకవైపు, సూదితో కుట్టి,
ఏడాదికొక కట్ట.
బిస్కెట్ డబ్బాల్లో నలభై మూడు కట్టలు.
అన్నిటికీ ఒకటే చట్టం:
ఇద్దరు చూస్తే పక్షి.
ఒక్కరే చూస్తే, అది వాతావరణం.

ఆ చట్టం దగ్గరే తమ్ముడు మాన్సీకీ ఆమెకీ చెడింది.
తొంభై నాలుగు అక్టోబరు, మూడో రోజు పొగమంచు.
పీతల బోనులు దించి వస్తూ చూశానన్నాడు,
బడిగోడ మీద నీలం పిట్ట.
"పావురమంత. కూర్చున్నప్పుడు మామూలుగానే ఉంది.
రెక్క విప్పితే మటుకు, అక్కా,
ఎవరో కిటికీ తీసినట్టయింది."
పాలపిట్టే అయ్యుంటుంది, ఏ ఎండదేశం నుంచి కొట్టుకొచ్చిందో.
ఓస్లా బూట్లు తొడుక్కుని వెళ్ళింది.
గోడ ఉంది. గోడమీద తడి ఉంది.
ఆ రోజు చిట్టాలో: పొగమంచు. ఏమీ లేవు.
మాన్సీ అది చదివి నవ్వాడు,
వారం దాకా ఆ ఇంటికి చేప పంపలేదు.

రాత్రి సరిగ్గా రాని జూన్‌లో
గోడరాళ్ళ సందుల్లో అలమూటీలు గొణుగుతాయి,
పిడికెడేసి సముద్రపు పిట్టలు,
పాత నూనెదీపం వాసన వేస్తూ.
వాటిని ఓస్లా లెక్కపెట్టదు, చెవి ఆనించి వింటుంది.
"ఉన్నాయి" అని రాస్తుంది.
పగలు టిర్రిక్‌లు నడినెత్తిన పొడుస్తాయని
ఉత్తరాలు తెచ్చే ఇంగా బకెట్ బోర్లించుకుని నడుస్తుంది.
ఒక ఏడు సముద్రంలో చేపపిల్లలు లేవు.
గూళ్ళలో గుడ్లు చల్లారిపోయాయి.
ఆ జూలై పేజీలో ఒక్క సున్నా,
పెన్సిల్ ఎంత అదిమిందంటే
వెనక దాణా ధర మీదికి కూడా గుంట దిగింది.

పోయిన ఫిబ్రవరిలో మాన్సీ పోయాడు.
లెర్విక్ ఆస్పత్రిలో. మంచం కిటికీకి దూరం.

మళ్ళీ అక్టోబరు, మళ్ళీ తూర్పుగాలి.
రూబార్బ్ మడిలో బొటనవేలంత పిట్ట,
కంటిమీద పసుపు గీత,
సైబీరియా అడవి ఇంకా ఒంటినుంచి దులుపుకోలేదు.
ఓస్లా పెన్సిల్ తీసింది, వెనక్కి తిరిగింది,
"చూశావా?" అని అనేసింది కూడా.

అప్పుడు తట్టింది.
ఇద్దరు చూస్తే పక్షి అన్న నాటినుంచీ
ఆ రెండోవాడు ఎప్పుడూ వాడే.
ప్రతి అంకె పక్కనా కనపడకుండా నించున్నాడు,
నోట్లో ఆరిన పైపుతో "ఊఁ, నేనూ చూశా" అంటూ,
సగంసార్లు తల తిప్పకుండానే.

ఇంట్లోకి వెళ్ళి డబ్బా దించింది.
తుప్పు మూత, చాకుతో తెరవాల్సొచ్చింది.
తొంభై నాలుగు.
"ఏమీ లేవు" ని చెరపలేదు, చెరపడం ఆమె పద్ధతి కాదు.
పక్కన ఉన్న కాస్త చోటులో,
అక్షరాలు ఇరికించి ఇరికించి:
నీలంది. ఒకటి. మాన్సీ చూశాడు.

పసుపు గీత పిట్టని ఎక్కడ రాయాలో తెలియలేదు.
బయట అది
ఆకు కిందనుంచి ఆకు కిందకి ఈగల్ని ఏరుకుంటోంది.
గాలి ఇంకా తూర్పే.